పంపు మార్చినా తగ్గని పవర్ స్టీరింగ్ మోత: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖ రోడ్ల మీద ఇన్నోవాలు, బొలెరోలు, పాత స్కార్పియోలు, సుమోలు, క్వాలిస్‌లు ఇంకా బోలెడన్ని తిరుగుతున్నాయి. వీటి స్టీరింగ్‌ను తేలిక చేసేది ఇంజిన్ బెల్టుతో తిరిగే ఒక ఆయిల్ పంపు. కొన్నేళ్లకు అది లీకవడమో అరగడమో జరిగి కొత్తది వేయిస్తాం. వేయించిన మర్నాడు మద్దిలపాలెం దగ్గర యూటర్న్ కొట్టేసరికి బానెట్ కింద నుంచి మళ్లీ మోత. డబ్బులు పోశాక వచ్చే మోత అంతకుముందు మోత కన్నా ఎక్కువ చిరాకు పెడుతుంది. అలాంటివాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి. అన్నీ చదివే ఓపిక లేకపోతే, గాలి తీయడం గురించీ, స్టీరింగ్ ఆయిల్ ఉండే డబ్బా నుంచి పంపుకు వచ్చే పైపు గురించీ చెప్పినవి మాత్రం వదలకండి.

కొత్త పంపు వేసినా మోత వస్తోందంటే, నాకు డిఫెక్ట్ పీసు అంటగట్టినట్టేనా?

అయ్యుండొచ్చు. కానీ మొదట అనుమానించాల్సింది పంపును కాదు, గాలిని. పాత పంపు విప్పినప్పుడు పైపుల్లోని ఆయిల్ కారిపోయి ఆ ఖాళీలో గాలి చేరుతుంది. కొత్తది బిగించి, డబ్బాలో ఆయిల్ పోసి, వెంటనే సెల్ఫ్ కొడితే ఆ గాలి బయటకు రాదు. పంపు దాన్ని ఆయిల్‌తో కలిపి చిలికేస్తుంది.

పంపు లోపల అండాకారపు రింగు, దాని మధ్య తిరిగే రోటర్, రోటర్ గాడుల్లో జారే రేకులు ఉంటాయి. చాలా పంపుల్లో ఈ రేకులు పది. ఇవి ఆయిల్‌ను ఒక పక్క లాగి, రెండో పక్కకు నెడతాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ఆ ఒత్తిడి చాలా కార్లలో 70 నుంచి 100 బార్ దాకా పోతుంది. టైర్లో మనం కొట్టించే గాలి 2 బార్ చిల్లర మాత్రమే. అంత ఒత్తిడికి బుడగలు ఒక్కసారిగా నలిగిపోతాయి. మీకు వినిపించేది అదే. మోత ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు గానీ, బుడగలు నలిగే చోట లోహం మీద సన్నని గుంటలు పడతాయి. అంటే గాలితోనే నడిపితే మంచి పంపు కూడా కొన్నాళ్లకు నిజంగానే పాడవుతుంది. అప్పుడు ‘చూశారా, పీసే బాగోలేదు’ అన్న మాట నిజమైపోతుంది, ఇంకో పంపు వస్తుంది, దానికీ అదే గతి పడుతుంది. రెండో పంపు కొనేముందు గాలి సంగతి తేల్చమని గట్టిగా చెప్పడం అందుకే.

మోతను బట్టి లోపం ఎక్కడో చెప్పొచ్చా?

కొంతవరకు చెప్పొచ్చు. ఇంజిన్ స్పీడుతో పాటు పెరుగుతూ, స్టీరింగ్ తిప్పగానే ఇంకా గట్టిపడే ‘ఊఁ...’ అనే ఊళ అయితే గాలి, లేదా పంపుకు ఆయిల్ సరిగా అందకపోవడం. పొద్దున్నే స్టార్ట్ చేయగానే, లేదా ఫుల్ లాక్ (స్టీరింగ్ చివరికంటా తిప్పడం) కొట్టగానే ‘కీచ్’ మంటే అది బెల్టు. స్టీరింగ్ తిప్పినా తిప్పకపోయినా ‘గర గర’ మని ఒకేలా వస్తుంటే ఏదో ఒక బేరింగు. అది పంపుదే కానక్కర్లేదు, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌దో, బెల్టును బిగుతుగా ఉంచే టెన్షనర్‌దో కూడా కావచ్చు. గుంతల్లో పడ్డప్పుడు వచ్చే ‘టక్ టక్’ కు పంపుతో ఏ సంబంధమూ లేదు. అది టై రాడ్, బాల్ జాయింట్, స్ట్రట్ మౌంట్ లాంటి ముందు చక్రాల కీళ్ల వ్యవహారం.

తేల్చుకోలేకపోతే బెల్టు తీసి ఇంజిన్‌ను కొన్ని సెకన్లు మాత్రం నడిపి చూడండి. మోత అలాగే ఉంటే పంపు నిర్దోషి. అదే బెల్టు వాటర్ పంపునూ తిప్పుతుంటే మాత్రం ఎక్కువసేపు నడపకూడదు, ఇంజిన్ వేడెక్కిపోతుంది.

సిస్టంలో గాలి ఉందో లేదో ఖాయంగా తెలిసేదెలా?

డబ్బా మూత తీసి చూడండి. ఆయిల్ తేటగా ఉంటే సరే. నురగ, సన్నని బుడగలు, లేదా పాలు కలిపినట్టు తెల్లదనం ఉంటే గాలి ఉన్నట్టే.

కంటికి కనబడకపోయినా పట్టించే పరీక్ష ఇంకొకటుంది. ఇంజిన్ ఐడిల్‌లో నడుస్తుండగా డబ్బా మీద ఆయిల్ మట్టం దగ్గర మార్కర్‌తో గీత పెట్టండి. ఇంజిన్ ఆపి మళ్లీ చూడండి. లోపల గాలి లేకపోతే మట్టం దాదాపు కదలదు. గాలి ఉంటే, అప్పటిదాకా ఒత్తిడికి అణిగి ఉన్నది వ్యాకోచించి ఆయిల్‌ను పైకి నెడుతుంది. టయోటా వర్క్‌షాప్ మాన్యువల్స్ ఈ పెరుగుదల 5 మిల్లీమీటర్లు దాటకూడదంటాయి. ఒక మార్కర్ తప్ప ఖర్చేమీ లేదు కాబట్టి గ్యారేజీలో బండి తీసుకునేటప్పుడే ఈ పరీక్ష చేసి చూపించమని అడగండి.

గాలి ఎలా తీయాలి? ఇంటి దగ్గర చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. జాకీ, రెండు స్టాండ్లు, మీ బండికి సరిపడే ఆయిల్ రెండు లీటర్లు, తోడుగా ఒక మనిషి కావాలి. నేల సమంగా ఉండాలి. మన ఊళ్లో కొండవాలు వీధులు చాలా ఉన్నాయి, అలాంటిచోట జాకీ పని పెట్టుకోవద్దు.

ముందు చక్రాలు రెండూ నేలకు తగలకుండా ఎత్తి స్టాండ్ల మీద నిలబెట్టండి. వెనక చక్రాలకు రాళ్లు పెట్టండి. చక్రాలు గాల్లో ఉంటే స్టీరింగ్ తేలిగ్గా తిరుగుతుంది, లోపల ఒత్తిడి పెరగదు, బుడగలు చితికి నురగ కాకుండా పెద్దవిగానే పైకి వస్తాయి. డబ్బాలో ‘కోల్డ్’ గీత దాకా ఆయిల్ పోసి పది నిమిషాలు ఆగండి. ఇంజిన్ ఆఫ్‌లోనే ఉండాలి. స్టీరింగ్ లాక్ పడకుండా తాళంచెవి ఒక మెట్టు తిప్పి ఉంచండి.

ఇప్పుడు ఒకరు స్టీరింగ్‌ను ఎడమ చివరి నుంచి కుడి చివరికి, మళ్లీ వెనక్కి, నిదానంగా తిప్పుతూ ఉండాలి. ఇంకొకరు డబ్బా దగ్గరే నిలబడి, మట్టం తగ్గగానే ఆయిల్ పోయాలి. ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పాల్సి రావడం మామూలే. పైపులు పొడవుగా ఉన్న పెద్ద బండ్లకు ఇంకా ఎక్కువే పడుతుంది. డబ్బా అడుగు కనబడిందా, మళ్లీ గాలి మింగినట్టే. మొదటికొచ్చి మళ్లీ తిప్పాలి. చాలా గ్యారేజీల్లో పని చెడేది ఇక్కడే: కుర్రాడు ఒక్కడే స్టీరింగూ తిప్పాలి, ఆయిలూ చూడాలి, ఈలోగా వెనక ఇంకో బండి వచ్చి హారన్ కొడుతుంటుంది.

బుడగలు ఆగిపోయాక ఇంజిన్ స్టార్ట్ చేసి ఐడిల్‌లోనే ఉంచండి. యాక్సిలరేటర్ తొక్కొద్దు. మళ్లీ ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పండి. చివర తగలగానే వెనక్కి రావాలి, ఫుల్ లాక్‌లో ఐదు సెకన్లు మించి పట్టి ఉంచకూడదు. నురగ కనబడితే ఇంజిన్ ఆపేసి గంటసేపు వదిలేయండి. ఆయిల్‌లో కలిసిపోయిన గాలి దానంతటది పైకి తేలాలి, మీరెంత తిప్పినా అది తొందరపడదు. మొండి కేసుల్లో రాత్రంతా వదిలేసి తెల్లారి ఇంకోసారి చేయడమే మంచిది. చివరగా చక్రాలు కిందికి దించి, ఇంటి చుట్టుపక్కల ఒక రౌండు వేసి వచ్చి మట్టం చూడండి.

కొత్త పంపు బిగించడానికి ముందే దాని నోట్లో కొంచెం ఆయిల్ పోసి, పుల్లీని చేత్తో నాలుగైదు చుట్లు తిప్పితే ఈ పని సగం తగ్గుతుంది. పొడిగా స్టార్ట్ చేస్తే మొదటి నిమిషంలోనే రేకులు గీసుకుపోవచ్చు.

‘వంద కిలోమీటర్లు తిప్పండి సార్, అదే సెట్టయిపోద్ది’ అన్నాడు మెకానిక్. నమ్మొచ్చా?

సగం నమ్మండి. గాలి తీసే పని సరిగా చేశాక మిగిలిపోయిన కొద్దిపాటి బుడగలు ఒకటి రెండు రోజుల్లో వాటంతటవే పోతాయి, మోత రోజురోజుకీ తగ్గుతుంది. ఇంజిన్ ఆపినప్పుడు ఆయిల్ పైకి లేస్తున్నా, నురగ కనబడుతున్నా ‘సెట్’ అవడమంటూ ఉండదు. ఆ వంద కిలోమీటర్లూ పంపు గాలి నములుతూనే ఉంటుంది. తగ్గుతోందా, అలాగే ఉందా, అదొక్కటే చూడండి.

గాలి తీస్తే రెండు రోజులు బాగుంటోంది, మళ్లీ మోత. ఎక్కడా చుక్క ఆయిల్ కారడం లేదు. గాలి ఎక్కడి నుంచి వస్తోంది?

ఎక్కువమంది బుర్ర బద్దలు కొట్టుకునేది దీని దగ్గరే. డబ్బా నుంచి పంపుకు వచ్చే పైపును సక్షన్ పైపు అంటారు. అందులో ఒత్తిడి ఉండదు, లాగుడు ఉంటుంది. అక్కడ చిన్న సందు ఉంటే ఆయిల్ బయటకు కారదు, గాలి లోపలికి పోతుంది. బీచ్‌లో కొబ్బరిబోండం తాగేటప్పుడు స్ట్రాకి చిల్లుంటే నీళ్లు కిందికి కారవు, నోట్లోకి గాలి వస్తుంది చూడండి, అలాగ. కాబట్టి ‘లీకేజీ లేదు సార్’ అన్న మాటతో ఈ పైపును వదిలేయకూడదు.

మొదట చూడాల్సింది క్లిప్పులు. ఉప్పుగాలికి మన దగ్గర ఇనప సామాను తొందరగా తుప్పు పడుతుంది. సముద్రానికి దగ్గరగా, పెదజాలారిపేట, రుషికొండ, భీమిలి వైపు బయట పార్క్ చేసే బండ్లకైతే చెప్పక్కర్లేదు. పాత క్లిప్పు పైకి బిగుతుగానే కనిపిస్తుంది గానీ పట్టు వదిలేసి ఉంటుంది. పంపు మార్చినప్పుడు క్లిప్పులు కొత్తవే వేయించండి, స్టెయిన్‌లెస్‌వి దొరికితే మరీ మంచిది.

తర్వాత పైపు. ఇంజిన్ వేడికి ఏళ్ల తరబడి ఉడికిన రబ్బరు బిర్రబిగుసుకుపోతుంది. పాత పంపు ముక్కు మీద దానికొక అచ్చు పడి ఉంటుంది, కొత్త పంపు ముక్కు కొలతలో వెంట్రుకవాసి తేడా ఉన్నా సరిగా కూర్చోదు. చివర అంగుళం కోసి మళ్లీ తొడిగితే కొన్నిసార్లు సరిపోతుంది, కొత్త పైపైతే బెంగ ఉండదు. ఒక్కటే జాగ్రత్త: ఆయిల్‌కు తట్టుకునే హోసే వేయాలి. చేతికి దొరికిందని రేడియేటర్ నీళ్ల పైపు ముక్క తొడిగితే ఆయిల్‌కు ఉబ్బి మెత్తబడుతుంది, పంపు లాగుడుకు లోపలికి ముడుచుకుపోతుంది, మళ్లీ అదే మోత.

మూడోది పంపు ముక్కు దగ్గర ఉండే ఓ-రింగు. కొన్ని పంపులకు ముక్కు విడిగా బోల్టుతో బిగించి ఉంటుంది, దాని కింద ఒక రింగు. పాతదే మళ్లీ వేసినా, బిగించేటప్పుడు నలిగినా గాలి లాగుతుంది. కారు చౌక రబ్బరు ముక్క, దాని కోసం పంపు మళ్లీ విప్పాలి.

ఏ జాయింటు దోషో తెలుసుకోవడానికి ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఒక్కో జాయింటు చుట్టూ గ్రీజు దట్టంగా పూసి చూడండి. ఎక్కడ పూసినప్పుడు మోత మారిందో అదే సందు. బెల్టు దగ్గర చేతులు, చొక్కా చేతులు, తువ్వాళ్లు జాగ్రత్త. బెల్టు మీద గ్రీజు పడనివ్వొద్దు.

ఆయిల్ డబ్బా కూడా మార్చాలా? పాతది బాగానే ఉంది కదా.

పైకి బాగానే ఉంటుంది. చాలా డబ్బాల అడుగున సన్నని జల్లెడ ఫిల్టర్ ఉంటుంది. పాత పంపు అరిగినప్పుడు రాలిన లోహపు పొడి, రబ్బరు నుసి అందులో పేరుకుంటాయి. జల్లెడ పూడుకుపోతే ఆయిల్ కావాల్సినంత రాదు, పంపు ఆకలితో అరుస్తుంది, గాలి లేకపోయినా గాలి ఉన్నప్పటి మోతే వస్తుంది. కొన్నింట్లో జల్లెడ బయటకు వస్తుంది, కడగొచ్చు. చాలావాటిలో రాదు, డబ్బా మార్చడమే దారి. పాత పంపు లోపల నలిగి పోయిందంటే నేనైతే డబ్బా మార్చకుండా కొత్త పంపు వేయనివ్వను.

పైపుల్లో, స్టీరింగ్ రాక్‌లో (చక్రాలను అటూ ఇటూ తిప్పే భాగం) మిగిలిన మురికి ఆయిల్‌నూ తీసేయాలి. రిటర్న్ పైపు (ఆయిల్ డబ్బాకు తిరిగొచ్చే పైపు) డబ్బా దగ్గర ఊడదీసి, డబ్బాకున్న ఆ ముక్కును మూసి, పైపును ఖాళీ సీసాలో పెట్టండి. చక్రాలు ఎత్తి ఉంచి, ఇంజిన్ ఆఫ్‌లోనే స్టీరింగ్ అటూ ఇటూ తిప్పితే పాతది సీసాలోకి వస్తుంది, పైనుంచి కొత్తది పోస్తూ ఉండాలి. వచ్చే ఆయిల్ తేటపడ్డాక ఆపొచ్చు.

ఏ ఆయిల్ పోయాలి? ఎర్రది ఏదైనా ఒకటే అంటున్నారు.

ఒకటే కాదు. డబ్బా మూత మీద, లేదా ఓనర్స్ మాన్యువల్‌లో రాసి ఉన్నదే పోయాలి. టయోటాలు సాధారణంగా డెక్స్‌రాన్ రకం ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) అడుగుతాయి. హైడ్రాలిక్ స్టీరింగ్ ఉన్న పాత హోండాలకు వాళ్ల సొంత ఫ్లూయిడే కావాలి, ఏటీఎఫ్ పోస్తే సీళ్లు పాడవుతాయి. కొన్ని యూరప్ కార్లకు పచ్చరంగు సింథటిక్ ఆయిల్ వాడతారు, దాన్ని ఎర్రదానితో కలపకూడదు. రంగు చూసి కొనడం మానేసి డబ్బా మీద స్పెసిఫికేషన్ చదవండి. తప్పు ఆయిల్ తొందరగా నురగ కడుతుంది, మీరెన్నిసార్లు గాలి తీసినా మోత పోకపోవడానికి అదీ ఒక కారణం.

పొరపాటున బ్రేక్ ఆయిల్ పోశారు. ఏమవుతుంది?

ఇంజిన్ స్టార్ట్ చేయకండి. బ్రేక్ ఆయిల్‌కు ఈ సిస్టంలోని రబ్బరు సీళ్లు ఉబ్బి చెడిపోతాయి. స్టార్ట్ చేయకముందే గమనిస్తే డబ్బాలోది సిరంజితో తీసేసి కడిగితే బయటపడొచ్చు. నాలుగు రోజులు తిరిగాక తెలిస్తే పంపు సీళ్లు, పైపులు, రాక్ సీళ్లు అన్నీ లెక్కలోకి వస్తాయి.

బెల్టు కొత్తదే వేశారు. అయినా కీచుమంటోంది.

వదులుగా ఉందేమో చూడండి. రెండు పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కితే మామూలు వీ-బెల్టు సుమారు 10 మిల్లీమీటర్లు దిగాలి. అంతకన్నా దిగితే జారుతుంది. అలాగని లాగి వీణ తీగలా బిగిస్తే పంపు బేరింగు అరుస్తుంది, షాఫ్టు సీలు దగ్గర కారుతుంది. పంపు మార్చేటప్పుడు బెల్టు మీద ఒలికిన ఆయిల్ కూడా కీచుకు కారణమే. ఆయిల్ తాగిన బెల్టును తుడిచి లాభం లేదు. బెల్టు పౌడర్ చల్లడం, సబ్బు రాయడం ఆ పూటకే పనిచేస్తాయి.

కొత్త పంపుకు పాత పుల్లీనే సుత్తితో కొట్టి ఎక్కించారు. తప్పా?

తప్పే. పుల్లీ షాఫ్టు మీద ప్రెస్ ఫిట్‌గా (బోల్టు లేకుండా బిగుతుతోనే) ఉండే పంపుల్లో దాన్ని పుల్లర్‌తో తీయాలి, స్క్రూ టూల్‌తోనో ప్రెస్‌తోనో ఎక్కించాలి. కొడితే ఆ దెబ్బ నేరుగా లోపలి రోటర్‌కు, బేరింగుకు తగులుతుంది. పంపు పెట్టెలోంచి బాగానే వస్తుంది, బండిలోకి వెళ్లేసరికి పాడవుతుంది. పుల్లీ పాతదాని మీద ఎంత లోతున ఉందో అంతే లోతుకు ఎక్కాలి. ఒక స్టీలు స్కేలు పుల్లీల మీద ఆనించి చూస్తే బెల్టు వంకరగా నడుస్తోందో లేదో తెలిసిపోతుంది. బండి గ్యారేజీలో విడిచివెళ్లేముందు ‘పుల్లర్ ఉందా అన్నా?’ అని ఒక్క మాట అడగండి.

ఫుల్ లాక్ కొట్టినప్పుడు మాత్రమే ‘స్స్’ మంటోంది. ఇదీ లోపమేనా?

కాదు. చివరికంటా తిప్పినప్పుడు రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఆయిల్ దారి మళ్లుతుంది, ఆ చప్పుడు అది. పాత పంపు మోతలో ఇన్నాళ్లూ మీకు వినబడి ఉండదు.

స్టీరింగ్ చక్రంలో, కాళ్ల దగ్గర సన్నగా జుమ్మంటోంది. ఆయిల్‌లో గాలి లేదు.

పంపు నుంచి ఒత్తిడితో ఆయిల్ వెళ్లే హై ప్రెషర్ పైపు బాడీకో, కింద అడ్డంగా ఉండే ఇనప దూలానికో (క్రాస్ మెంబర్) తగులుతోందేమో చూడండి. పంపు మార్చాక పైపును కొంచెం మెలిపెట్టి బిగిస్తే ఇలా జరుగుతుంది. ఆ పైపులో ఆయిల్ అదురుతూ వెళ్తుంది, ఇనుముకు తగిలితే ఆ అదురు క్యాబిన్ అంతా వినబడుతుంది. నట్టు వదులుచేసి, పైపు తిన్నగా పెట్టి, రబ్బరు బిళ్లతో సహా క్లాంపు బిగిస్తే పోతుంది. ఆ జాయింటు విప్పిన ప్రతిసారీ వాషర్లు కొత్తవి వేయాలి.

సౌండ్ తగ్గించే లిక్విడ్లు అమ్ముతున్నారు. పోయనా?

వద్దు. అవి ఆయిల్‌ను చిక్కబరచడమో, పాత సీళ్లను ఉబ్బించడమో చేస్తాయి. కొత్త పంపుకు ఆ రెండూ అక్కర్లేదు.

మరి పంపే చెడిందని ఎప్పుడు ఒప్పుకోవాలి?

ఆయిల్ తేటగా, సరైన రకంది ఉండాలి. ఇంజిన్ ఆపితే మట్టం దాదాపు కదలకూడదు. సక్షన్ పైపు, ఓ-రింగు, డబ్బా కొత్తవై ఉండాలి. బెల్టు సరిగ్గా ఉండాలి. ఇవన్నీ ఉన్నా మోత వస్తుంటే, లేదా ఐడిల్‌లో స్టీరింగ్ బరువుగా ఉండి రేస్ చేస్తే తేలికవుతుంటే పంపును అనుమానించండి. ప్రెషర్ గేజ్ పెట్టి చూస్తే మాటలతో పని లేదు. గాజువాక ఆటోనగర్ వైపు లారీల స్టీరింగ్ పనులు చేసేవాళ్ల దగ్గర గేజ్ దొరికే అవకాశం ఎక్కువ. వారంటీకి పంపు వెనక్కిచ్చేటప్పుడు గాలి పరీక్షను ఫోన్లో వీడియో తీసి చూపించండి, ‘మీరే గాలితో నడిపారు’ అనే వాదన తగ్గుతుంది. రీకండిషన్డ్ పంపయితే సీళ్లు మాత్రమే మార్చి, లోపల అరిగిన అండాకారపు రింగు అలాగే ఉంచి ఇచ్చి ఉండొచ్చు. అలాంటిది ఎన్నిసార్లు గాలి తీసినా కొంత అరుస్తూనే ఉంటుంది.

ఎల్లుండి ఫ్యామిలీతో అరకు వెళ్లాలి. ఈ మోతతో వెళ్లొచ్చా?

శృంగవరపుకోట దాటాక అనంతగిరి మీదుగా అంతా మలుపులే. స్టీరింగ్ ఆగకుండా తిరుగుతుంది, ఆయిల్ వేడెక్కుతుంది, గాలి ఉన్న ఆయిల్ ఇంకా నురగ కడుతుంది, డబ్బా మూత దగ్గర పొంగొచ్చు కూడా. పంపు బిగుసుకుపోతే బెల్టు తెగుతుంది. ఆ బెల్టే వాటర్ పంపునూ ఆల్టర్నేటర్‌నూ తిప్పుతుంటే బండి ఘాట్ మీద ఆగిపోయినట్టే. హైడ్రాలిక్ సాయం పోయినా చక్రాలకు స్టీరింగ్ లింకు ఉంటుంది కాబట్టి తిప్పడం కుదురుతుంది గానీ, నిండా మనుషులున్న ఇన్నోవాను హెయిర్‌పిన్ మలుపులో చేత్తో తిప్పడానికి భుజాలు ఉండాలి.

ముందుగా సింహాచలం ఘాట్ ఎక్కి దిగి చూడండి. కిందికొచ్చాక నురగ లేకపోతే, మట్టం తగ్గకపోతే వెళ్లొచ్చు, డిక్కీలో అదే రకం ఆయిల్ ఒక లీటరు పెట్టుకోండి. నురగ ఉంటే వేరే బండి మాట్లాడుకోండి.

మా కారులో ఎంత వెతికినా ఈ ఆయిల్ డబ్బా కనబడలేదు.

స్విఫ్ట్, ఐ10 లాంటి వాటిలో ఉండదు. వాటిది ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్, పంపూ ఆయిలూ లేకుండా మోటారే తిప్పుతుంది. మీ కారుకు ‘పవర్ స్టీరింగ్ ఆయిల్ మార్చాం’ అని ఎవరైనా బిల్లు వేస్తే, ఎక్కడ పోశారో చూపించమనండి.